సమానార్థకాల పట్టికలో ఆ ఈక్వల్ టు గుర్తు

కర్నూల్లో బ్యాంకు పరీక్షలకీ గ్రూప్స్‌కీ తయారయ్యే పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను. వాళ్ళు కొనుక్కునే గైడ్లలో చాలావాటికి వెనకాల సమానార్థకాల పట్టిక ఉంటుంది. క్రౌడ్ అని రాసి, పక్కన ఈక్వల్ టు గుర్తు పెట్టి, త్రాంగ్, మాబ్, హోర్డ్, స్వార్మ్ అని పేర్చుకుంటూ పోతారు. గ్యాదర్ దగ్గరికొస్తే అసెంబుల్, కన్వీన్, మస్టర్, అమాస్, అక్యుములేట్ అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. పిల్లలు పొద్దున్నే లేచి దాన్ని బట్టీ పడతారు. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడానికి అది కొంతవరకు పనికొస్తుంది కూడా, కానీ ఖాళీలు పూరించే ప్రశ్నల్లో, ఉత్తరం రాయమన్నచోట, ఇంటర్వ్యూలో నోరు విప్పి మాట్లాడాల్సినచోట అదే పట్టిక వాళ్ళని నిలువునా ముంచుతుంది. ఎందుకంటే ఆ ఈక్వల్ టు గుర్తు నిజం కాదు.

ఒకమ్మాయి వాళ్ళక్క పెళ్ళి గురించి పేరా రాస్తూ, పెళ్ళికి ‘బిగ్ మాబ్’ వచ్చిందని రాసింది. పెళ్ళికి అల్లరిమూక వచ్చిపడిందని దానర్థం. ఇంకో అబ్బాయి గుళ్ళో భక్తులు ‘అక్యుములేట్’ అయ్యారన్నాడు, దుమ్ము పేరుకున్నట్టు. ఈ పిల్లలు తెలివైనవాళ్ళు, కష్టపడి చదివేవాళ్ళు. వాళ్ళకి అందిన సరుకే అలాంటిది.

నిజానికి ఈ తేడాలన్నీ పిల్లలకి ముందే తెలుసు, తెలుగులో తెలుసు. ఈగలు ముసురుతాయి, దెబ్బలాట జరిగినచోట జనం మూగుతారు, రచ్చకట్ట దగ్గర గుమిగూడతారు, బస్సు కిక్కిరిసిపోతుంది, బకాయిలు పేరుకుపోతాయి, ఆస్తి కూడబెడతారు, వడ్డీ జమవుతుంది, సరుకు దాచిపెడతారు. మా అక్క పెళ్ళికి బంధువులు పేరుకుపోయారని చదువురాని అవ్వ కూడా అనదు. వచ్చింది ఎవరు, తమంతట తాము వచ్చారా, ఎవరైనా పిలిస్తే వచ్చారా, ఒక్కసారిగానా మెల్లమెల్లగానా, చెబుతున్నవాడికి అది నచ్చిందా లేదా, ఈ లెక్కంతా మన నోరు దానంతటదే వేసుకుంటుంది. ఇంగ్లీషు మాటల్లోనూ అదే లెక్క ఉంది. దాన్ని మన ఊళ్ళ మీదే పెట్టి చూపిస్తే పిల్లలకి ఇట్టే పట్టుబడుతుందని నా అనుభవం, అందుకే ఇది రాస్తున్నాను.

క్రౌడ్‌తో మొదలుపెడతాను. పాత ఇంగ్లీషులో దీని మూలానికి నొక్కడం, తొయ్యడం అని అర్థం. క్రియ ముందు పుట్టింది, జనసమూహం అనే అర్థం చాలా వందల ఏళ్ళ తర్వాత వచ్చింది. అంటే క్రౌడ్‌లో మనుషుల లెక్క కన్నా ఒకరికొకరు ఆనుకోవడం, చోటు చాలకపోవడం ముఖ్యం. చిన్న గదిలో పదిమంది నిలబడ్డా అది క్రౌడెడ్ రూమే, పెద్ద మైదానంలో వందమంది విడివిడిగా తిరుగుతుంటే ఆ మైదానాన్ని క్రౌడెడ్ అనలేం. త్రాంగ్ కూడా నొక్కుకోవడంలోంచి పుట్టిందే, కానీ దానిలో కాస్త ఇష్టం, ఉత్సాహం కలిసుంటాయి. రంజాన్ నెల చివరి రాత్రుల్లో కర్నూలు పాతబస్తీ బజారులో బట్టల దుకాణాల ముందు, అత్తరు బళ్ళ ముందు, హలీం గిన్నెల ముందు కదలడానికి సందు దొరకదు, అయినా ఎవరి మొహంలోనూ విసుగుండదు. అది త్రాంగ్. కడప పెద్ద దర్గా ఉరుసు, ఒంటిమిట్టలో వెన్నెల్లో జరిగే రాములవారి కల్యాణం, నార్పల మండలం గూగూడులో మొహరం నాడు కుళ్ళాయిస్వామి దర్శనానికి కులమతాల ఊసు లేకుండా వచ్చే జనం, వీటన్నిటికీ త్రాంగ్ చక్కగా అతుకుతుంది. వాక్యంలో ఎలా కూర్చోవాలో కూడా చెప్పాలి. భక్తులు ‘త్రాంగ్డ్ టు ద టెంపుల్’ అనొచ్చు, లేదా వీధులే ‘త్రాంగ్డ్ విత్ పీపుల్’ అనొచ్చు.

మాబ్ సంగతి వేరు. లాటిన్‌లో ‘మొబిలె వుల్గుస్’ అంటే ఇట్టే మనసు మార్చుకునే జనం, నిలకడలేని జనం అని. 17వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్ళు దాన్ని కోసి కోసి మాబ్ చేశారు. ఈ కుదింపు అప్పటి రచయితలు కొందరికి అస్సలు గిట్టలేదు, అయినా మాట నిలిచిపోయింది. పుట్టుకలోనే తిట్టు ఉంది కాబట్టి మాబ్ అన్నాక ఆ జనం మీద మన అభిప్రాయం చెప్పేసినట్టే. ఇక్కడే వార్తలు చదివేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. ఒకే రోడ్డు మీద ఒకే జనం నిలబడితే, వాళ్ళంటే ఇష్టమున్న విలేఖరి సపోర్టర్స్ అంటాడు, పట్టనివాడు క్రౌడ్ అంటాడు, గిట్టనివాడు మాబ్ అంటాడు. కాంప్రహెన్షన్ పాసేజీల్లో రచయిత ధోరణి ఏమిటని ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, చాలాసార్లు జవాబు ఇలాంటి ఒక్క నామవాచకంలోనే ఉంటుంది.

మాబ్‌కి సరిగ్గా ఎదురుగా అసెంబ్లీని పెట్టి చూడండి. లాటిన్‌లో ‘సిముల్’ అంటే ఒకేసారి, కలిసి. అసెంబుల్ అవడమంటే ఒక పనికోసం ఒకచోటికి చేరడం. రాజ్యాంగం 19వ అధికరణం మనకిచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా అసెంబుల్ అయ్యే హక్కు. చట్టంలో తప్పుగా చూసేది అన్‌లాఫుల్ అసెంబ్లీని, అంటే చట్టం చెప్పిన చెడ్డ ఉద్దేశాల్లో ఏదో ఒకటి ఉమ్మడిగా పెట్టుకుని చేరిన ఐదుగురు లేదా అంతకు మించినవాళ్ళు. పాత ఐపీసీలో ఇది 141వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 189. మన సీమలో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన 144 సెక్షన్ సీఆర్‌పీసీలోది, దాని బదులొచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 163 అయింది, గ్రూప్స్ రాసేవాళ్ళు ఈ మార్పు గుర్తుపెట్టుకోవాలి. గమనించండి, ఇక్కడ తూచేది ఉద్దేశాన్ని. పదిమంది బస్‌స్టాప్‌లో ఉంటే అది అసెంబ్లీ కాదు. 1953 అక్టోబరు 1 నుంచి 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, శాసనసభ ఇక్కడే కూర్చుంది. ఆ సభని ఎవరూ క్రౌడ్ అనరు, లోపల ఎంత అరుచుకున్నా.

ఇక్కడ కాసేపు ఆగి ఒక విషయం చెప్పాలి, పరీక్షకి పనికొచ్చినా రాకపోయినా. గుంపులో ప్రాణాలు పోయినప్పుడల్లా ఇంగ్లీషు పేపర్లు స్టాంపీడ్ అని రాస్తాయి, మనం తొక్కిసలాట అంటాం. స్టాంపీడ్ అమెరికాలోకి మెక్సికో స్పానిష్ నుంచి వచ్చిన మాట, బెదిరిన పశువులు కట్టు తెంచుకుని పరిగెత్తడానికి పుట్టింది. రెండు మాటలూ మన కళ్ళముందు ఒకే బొమ్మ గీస్తాయి: భయపడ్డ జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తడం, అంటే తప్పంతా జనానిదే అన్నట్టు. గుంపుల భద్రత మీద పనిచేసేవాళ్ళు చెప్పేది ఇంకోలా ఉంటుంది. ఇలాంటి చావుల్లో ఎక్కువభాగం కాళ్ళకింద నలగడం వల్ల కావు, ఊపిరాడక. నాలుగువైపుల నుంచీ ఒత్తిడి పడితే ఛాతీ విప్పారడానికి చోటుండదు, మనిషి నిలబడినచోటనే స్పృహ తప్పుతాడు. చదరపు మీటరుకి ఏడుగురి దాకా చేరితే గుంపు ఇక విడివిడి మనుషులుగా ఉండదని, ప్రవాహంలా అలలు అలలుగా ఊగుతుందని జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు రాశాడు. ఆ స్థితిలో పరుగెత్తడానికి చోటే ఉండదు. అందుకే ఇప్పుడు చాలామంది నిపుణులు స్టాంపీడ్ వద్దు, క్రౌడ్ క్రష్ అనండి అంటున్నారు. క్రౌడ్ పాత అర్థం నొక్కడమేనని పైన చెప్పాను కదా, ఈ వాడుకలో ఆ మాట తన మొదటి అర్థానికి మళ్ళీ చేరింది.

2015 జూలైలో రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర, 2025 జనవరిలో తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ప్రాణాలు పోయాయి. మన దగ్గర శివరాత్రికి శ్రీశైలం, మహానంది, యాగంటి దారులన్నీ జనమే. దసరా రాత్రి దేవరగట్టు కొండ చుట్టూ చేరే జనం సంగతి చెప్పనక్కర్లేదు. గేటు ఎంత వెడల్పు, దారి ఎక్కడ ఇరుకవుతోంది, బయటికి వెళ్ళే దారి వేరుగా ఉందా అన్న ప్రశ్నలు అడగాలంటే ముందు జరిగినదాన్ని సరైన మాటతో పిలవాలి. జనం పిచ్చిగా పరుగెత్తారంటే అడగడానికి ఏమీ మిగలదు. చోటు చాలనంత జనాన్ని లోపలికి పంపారంటే, ఎవరు పంపారన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ఈ పోస్టులో మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోమని అడుగుతున్నాను. అలాంటి ఒత్తిడిలో చిక్కుకుంటే చేతులు రెండూ ఛాతీకి ముందు మడిచి ఊపిరికి చోటు చేసుకోవాలి, ఒత్తిడికి ఎదురు తొయ్యకూడదు, అల కాస్త తగ్గినప్పుడల్లా ఏటవాలుగా పక్కకి, గుంపు అంచువైపు జరగాలి, కిందపడిన వస్తువుకోసం వంగకూడదు.

ఇప్పుడు, పిలిస్తే వచ్చేవాళ్ళ సంగతి. కన్వీన్ అంటే అధికారమున్నవాళ్ళు సమావేశపరచడం. గ్రామసభని కన్వీన్ చేస్తారు, జనం దానికి గ్యాదర్ అవుతారు. మస్టర్ గురించి మన జిల్లాలవాళ్ళకి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ దేశంలో మొదట ప్రారంభించింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. పైన చెప్పిన గూగూడులాగే అదీ నార్పల మండలమే. అప్పట్నించీ మస్టర్ మన ఊళ్ళలో తెలుగు మాటైపోయింది. మస్టర్ పడిందా, మస్టర్‌లో పేరుందా, మస్టర్ వేశారా అని పనికెళ్ళే ప్రతి అమ్మా అడుగుతుంది. ఈ మాట మూలం లాటిన్‌లో చూపించడం అనే క్రియ. సైనికుల్ని వరసగా నిలబెట్టి, లెక్కపెట్టి, పైవాడికి చూపించడమే మస్టర్. చెప్పిన సంఖ్యలో మనుషులు నిజంగా ఉన్నారా అన్నదే దాని ప్రాణం. కొన్నేళ్ళుగా పనిచోట ఫోన్లో ఫొటో తీసి హాజరు వేస్తున్నారంటే, అది ఆ పాత అర్థమే. ధైర్యం తెచ్చుకోవడాన్ని ‘మస్టర్ కరేజ్’ అనడం కూడా దీనివల్లే, లోపల చెల్లాచెదురుగా ఉన్న ధైర్యాన్నంతా పిలిచి వరసలో నిలబెట్టడం. పిల్లలు ఈ ఒక్కమాటని జన్మలో మర్చిపోరు, పట్టికలో గ్యాదర్ పక్కన చూసినప్పుడు గుర్తుపట్టనివాళ్ళు కూడా.

ర్యాలీని మనం ఊరేగింపుకే వాడతాం. అసలైతే అది ఓడి చెదిరిపోయిన సైన్యాన్ని మళ్ళీ కూడగట్టడం, మాటలో ఆ ‘మళ్ళీ’ ఇమిడే ఉంది. షేర్లు పడి లేచినప్పుడు మార్కెట్ ర్యాలీ అయిందనేదీ, జబ్బుమనిషి తేరుకుంటే ‘హి ర్యాలీడ్’ అనేదీ అందుకే. బ్యాంకు పరీక్షల్లో ఈ అర్థమే అడుగుతారు.

కాంగ్రిగేట్ కోసం లాటిన్ ‘గ్రెక్స్’ దగ్గరికి వెళ్ళాలి, అంటే మంద. మందగా చేరడం కాంగ్రిగేట్, మందలో కలపడం అగ్రిగేట్, మందనుంచి విడదీయడం సెగ్రిగేట్, నలుగురిలో ఉండటానికి ఇష్టపడేవాడు గ్రిగేరియస్, మందనుంచి బయటికొచ్చి కొట్టొచ్చినట్టు కనపడేది ఇగ్రీజియస్. చివరిదానికి ఒకప్పుడు గొప్పదని అర్థముండేది, ఇప్పుడు మాత్రం ఘోరమైనది అనే. ఐదు కష్టమైన మాటలు ఒక్క గొర్రెలమందతో వచ్చేస్తాయి, అనంతపురం పిల్లలకి గొర్రెలమంద కొత్త కాదు కదా. అగ్రిగేట్‌ని పిల్లలు మార్కుల మొత్తంగానే ఎరుగుదురు. ఇల్లు కట్టే మేస్త్రీని, ఇంజనీరుని అడిగితే కాంక్రీటులో వేసే కంకరని కూడా అగ్రిగేటే అంటారని చెబుతారు, విడివిడి రాళ్ళు ఒక ముద్దలో కలిసి నిలిచేది.

ఈ గ్రెక్స్ లాంటిదే మన నోళ్ళలో ఇంకొకటుంది, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన జమ. చేర్చడం, కూర్చడం అని దాని అర్థం. బ్యాంకులో డబ్బు జమ, జమాఖర్చు పద్దు, శుక్రవారం అందరూ కలిసి చేసే జుమ్మా నమాజు, ఆ నమాజు జరిగే జామియా మసీదు, జమాత్, తాసీల్దారు కచేరీలో జమాబందీ, అన్నీ ఒక తల్లి పిల్లలే. కర్నూలు, కడపల్లో పెరిగినవాళ్ళు ఇవన్నీ రోజూ వింటూనే ఉంటారు, కలిపి చూడటమే మిగిలింది. జమాబందీ పేరెత్తితే కలెక్టర్ గుర్తొస్తాడు, పన్ను కలెక్ట్ చేసే మనిషి కాబట్టే ఆ పేరు. 1800లో నిజాం మన జిల్లాల్ని కంపెనీకి దత్తం చేశాక థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు, 1827 జూలైలో ఈ సీమ చూడటానికి వచ్చి కలరాతో పత్తికొండలో చనిపోయాడు. కలెక్ట్‌లో ఏరడం, ఎంచడం ఉంటుంది. స్టాంపులు కలెక్ట్ చేస్తాం, పన్ను కలెక్ట్ చేస్తారు, దుమ్ము మాత్రం కలెక్ట్ అయినా దానికి ఎవరి ప్రమేయమూ అక్కర్లేదు, అది మినహాయింపు.

ఉర్దూ మాటొచ్చింది కాబట్టి హోర్డ్ సంగతి తేల్చేద్దాం. పిల్లల్ని బాగా తికమకపెట్టేది ఇదే, ఎందుకంటే ఇంగ్లీషులో రెండు హోర్డ్‌లున్నాయి, పలకడం ఒకటే, తెలుగులో రాసినా ఒకటే. హెచ్-ఓ-ఆర్-డి-ఈ అని రాసేది దండు, మీద పడే గుంపు. తుర్కీ భాషలో ‘ఓర్దు’ అంటే సైనిక శిబిరం, అది ఐరోపాకి వెళ్ళి హోర్డ్ అయింది, మన దేశానికొచ్చి శిబిరం భాషగా ఉర్దూ అయింది. ఒకే మాట అక్కడ భయపెట్టే గుంపైంది, ఇక్కడ ఇంత తియ్యటి భాషకి పేరైంది. హెచ్-ఓ-ఏ-ఆర్-డి అని రాసేది పాత ఇంగ్లీషులో నిధి, దాచిన ధనం. సరుకు బయటికి రానీకుండా దాచి ధర పెంచే వ్యాపారి చేసేది ఈ హోర్డింగ్, 1955 నాటి నిత్యావసర సరుకుల చట్టం కింద ప్రభుత్వం నిల్వల మీద పరిమితి పెట్టేది దీన్ని ఆపడానికే. రైతు ధర కోసం నాలుగురోజులు ఆగితే అది హోర్డింగ్ కాదు, దయచేసి ఎవరూ అలా రాయకండి. కర్నూలు యార్డుకి ఉల్లిగడ్డలు తెచ్చే రైతు దాచుకోవాలన్నా అవి నిలవవు. మరి రోడ్డు పక్కన సినిమా బొమ్మ వేసే హోర్డింగ్ ఏమిటని అడుగుతారు. దానికి ఈ రెండిటితోనూ చుట్టరికం లేదు. కట్టడాల చుట్టూ పాతే చెక్కల కంచెని హోర్డింగ్ అనేవాళ్ళు, ఆ చెక్కల మీద పోస్టర్లు అంటించడంతో పేరు పోస్టరు బోర్డుకి పాకింది.

జంతువుల మాటలు త్వరగా చెప్పేస్తాను. గొర్రెలకీ మేకలకీ పక్షులకీ ఫ్లాక్, ఆవులకీ ఏనుగులకీ హర్డ్, తేనెటీగలకి స్వార్మ్. ఫ్లాక్ మొదట్లో మనుషుల గుంపుకే ఉండేది, ఇప్పుడూ ఇష్టంగా, వరసపెట్టి వచ్చే మనుషులకి వాడతాం, మంత్రాలయానికి భక్తులు ఫ్లాక్ అవుతారు, చిలమత్తూరు దగ్గర వీరాపురం చింతచెట్లకి ఏటా ఎర్రకాళ్ళ కొంగలొచ్చినట్టు. మనుషుల్ని హర్డ్ అంటే మాత్రం తిట్టే, సొంత బుర్ర లేదని. స్వార్మ్‌కి ఒక ప్రత్యేకత ఉంది, తేనెపట్టు పెద్దదయ్యాక పాత రాణి సగానికి పైగా ఈగల్ని వెంటేసుకుని కొత్తచోటు వెతుక్కుంటూ బయల్దేరుతుంది చూశారా, ఆ ప్రయాణమే అసలైన స్వార్మ్. కాబట్టి స్వార్మ్‌లో కదలిక తప్పనిసరి, కూర్చుని ఉన్న సభకి ఆ మాట వాడకూడదు. క్లస్టర్ అంటే గుత్తి, ద్రాక్షగుత్తిలా ఏ పండుకాపండు విడిగా ఉంటూనే ఒక దగ్గరుండటం. ఊళ్ళోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్ని కలిపిన మన క్లస్టర్ యూనివర్సిటీకి ఆ పేరు అందుకే పెట్టారు.

వస్తువుల దగ్గర హీప్, పైల్ తేడా చూడండి. పైల్‌లో ఎంతో కొంత పేర్పు ఉంటుంది, హీప్‌లో ఉండదు. శెనక్కాయ కట్టెని వరసపెట్టి వేసిన వామి పైల్, ధర లేక రోడ్డు పక్కన పారబోసిన ఉల్లిగడ్డల కుప్ప హీప్.

అక్యుములేట్‌లో ఉన్నది లాటిన్ ‘క్యుములస్’, కుప్ప. 1802లో లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే మందుల వ్యాపారి మబ్బులకి పేర్లు పెడుతూ దూదికుప్పల్లా ఉండేవాటికి క్యుములస్ అని పెట్టాడు, ఆ పేరే ఇప్పటికీ వాడుతున్నారు. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే అనంతపురంలో ఆ మబ్బులు ఎంత పేరుకున్నా చాలాసార్లు అలాగే విరిగిపోతాయి. అక్యుములేట్‌కి ముఖ్యమైనది కాలం. ఎవరూ పూనుకోకపోయినా, ఎవరి కంటా పడకుండా, కొంచెం కొంచెంగా చేరాలి. దీనికి తుంగభద్ర డ్యామ్‌ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 1953లో నీళ్ళు నింపినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. ఏటా వరదతో వచ్చిన మట్టి అడుగున పేరుకుని ఇప్పుడు దాదాపు 105 టీఎంసీలకి దిగింది. ఎగువ కాలువ కింద అనంతపురం, కడప, దిగువ కాలువ కింద ఆలూరు, ఆదోని, మంత్రాలయం వైపు పొలాలు, అందరూ ఆ పూడిక బరువు మోస్తున్నవాళ్ళే. ఒక్క రాత్రిలో 28 టీఎంసీలు పోయుంటే దేశమంతా గోల అయ్యేది. డెబ్బై ఏళ్ళలో పోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ‘సిల్ట్ హ్యాజ్ అక్యుములేటెడ్’ అనే మూడు ముక్కల వాక్యంలో ఇంత ఉంది.

అమాస్ దానికి వ్యతిరేకం, మనిషి పూనుకుని, ఆశపడి చేసేది, మన కూడబెట్టడం, వెనకేసుకోవడం. మట్టి సంపదని అమాస్ చేయదు, మనిషి చేస్తాడు. దాని మూలం పిసికిన పిండిముద్ద, సంగటిముద్దలా నాలుగువైపుల నుంచీ చేతులతో దగ్గరికి లాక్కోవడం. అక్రూ పెరగడంలోంచి పుట్టింది. వడ్డీ అక్రూ అవుతుంది, ఉద్యోగి ఖాతాలో సెలవులు అక్రూ అవుతాయి, ఉన్న అసలులోంచో హక్కులోంచో దానంతటదే మొలుచుకొచ్చేదానికే ఈ మాట. బ్యాంకు పరీక్ష రాసేవాళ్ళు ‘అక్రూడ్ ఇంట్రెస్ట్’ని వచ్చింది కానీ ఇంకా చేతికందని వడ్డీగా గుర్తుపెట్టుకుంటే చాలు. కంజెషన్‌లో చేరడం కన్నా దారి మూసుకుపోవడం ప్రధానం, రాజ్‌విహార్ సెంటర్లో సాయంత్రం ట్రాఫిక్‌కీ జలుబు చేసిన ముక్కుకీ ఒకే మాట వాడేది అందుకు.

కాకుల గుంపుని మర్డర్ అంటారు, గుడ్లగూబల గుంపుని పార్లమెంట్ అంటారు అని ఫోన్లలో తిరిగే జాబితాల మీద టైం పెట్టకండి. అలాంటి పేర్లలో చాలావరకు 15వ శతాబ్దంలో ఇంగ్లండులో వేటకెళ్ళే దొరలు సరదాగా అల్లుకున్నవి, మాట్లాడే ఇంగ్లీషులో ఎవరూ వాడరు. దానికి బదులు క్రౌడ్ తర్వాత ‘ఈజ్’ రావాలా ‘ఆర్’ రావాలా తేల్చుకోండి. గుంపంతా ఒకటిగా ఉంటే ఈజ్. గుంపులో ఎవరికివారు వేరుగా ఉంటే బ్రిటిష్ వాడుకలో ఆర్ కూడా ఒప్పే, కానీ మన పరీక్షల్లో ఈజ్ పెడితే సురక్షితం. ‘గ్యాదర్ టుగెదర్’ అని కలిపి రాయడం కూడా మానుకోవచ్చు, గ్యాదర్, టుగెదర్ ఒకే మూలంలోంచి వచ్చినవే, చేరడం ఒకసారి చెబితే సరిపోతుంది.

‘ఐ గ్యాదర్ యు ఆర్ ఫ్రమ్ కర్నూల్’ అని ఇంటర్వ్యూ బోర్డువాళ్ళు అంటే కంగారుపడకండి. మీ కాగితాల్లోంచో మీ మాటల్లోంచో నాలుగు ముక్కలు ఏరుకుని, మీది కర్నూలని అర్థం చేసుకున్నాం అంటున్నారు. సూటిగా అడగడం కన్నా ఇది కాస్త మెత్తటి పద్ధతి, ఎదుటివాళ్ళు తమ నోటితో చెప్పని సంగతిని ఎత్తేటప్పుడు మీరూ వాడొచ్చు. జవాబుగా ‘యెస్ సార్’ అని, ఊరి గురించి మీకు నచ్చిన మాట ఒకటి చెప్పండి.